నాకు పంతొమ్మిది, కారుకు ఏడు: ఇన్సూరెన్స్ ఎవరి వయసు చూస్తుంది?

కథో కవితో పంపమని క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. నా దగ్గర ఉన్నది ఒక ఇన్సూరెన్స్ కాగితం. దసరా సెలవుల్లో నాలుగు రోజులు దాని మీదే పోయాయి కాబట్టి దాని గురించే రాస్తున్నాను. కొత్తగా లైసెన్స్ చేతికొచ్చి ఇంట్లో కారు తాళం అడుగుతున్న వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు పనికొస్తుంది.

మాది బసంత్‌నగర్. మా బాపు సింగరేణిలో ఫిట్టర్, గోదావరిఖనిలో బాయికి షిఫ్టుకు పోతాడు. మూడేళ్ళ కింద పెద్దపల్లిలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, 1,197 సీసీ పెట్రోల్ బండి. ఈ ఎండాకాలం నాకు లైసెన్స్ వచ్చింది. వచ్చిన రెండు నెలలకే మా ఇంటి గేటు పిల్లర్‌కి వెనక బంపర్ తగిలించాను. అక్టోబర్‌లో పాలసీ రెన్యువల్ మెసేజ్ రాగానే బాపు ఫోన్ నా చేతికిచ్చాడు.

"నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ గదరా, గిది జర తక్కువకి ఎట్ల పడ్తదో చూడు. నువ్వు నడుపుతున్నవని ఎక్కువేసిండ్రా ఏంది?"

నాకూ అదే అనుమానం. ఎందుకంటే టెక్సాస్‌లో ఉండే మా పెద్దనాన్న వాళ్ళింట్లో జరిగింది విన్నాను. అక్క పదహారేళ్ళకి డ్రైవింగ్ మొదలుపెట్టగానే ఇంటి పాలసీలో తన పేరు చేర్చాల్సి వచ్చింది, చేర్చగానే బిల్లు బాగా పెరిగింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో టీనేజ్ డ్రైవర్ అంటే ఎక్కువ రిస్క్ అని లెక్క. మార్కులు బాగుంటే 'గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్' అని కొంత తగ్గిస్తారు. బ్రిటన్‌లో అయితే కుర్రవాళ్ళ కార్లో ఒక బ్లాక్ బాక్స్ పెట్టి, ఎంత స్పీడు, ఎట్లా బ్రేకులు వేస్తున్నారు, అర్ధరాత్రి తిరుగుతున్నారా అని చూసి రేటు కట్టే పాలసీలు ఉన్నాయి. అక్కడి తల్లిదండ్రులకు 'టీనేజర్‌కి ఇన్సూరెన్స్ భరించడం ఎట్లా' అన్నది నిజంగానే పెద్ద ప్రశ్న.

మన దగ్గర సంగతి వేరు. మా పాలసీ పీడీఎఫ్ మొత్తం చదివితే 'డ్రైవర్స్ క్లాజ్' అని ఒక చిన్న పేరా కనిపించింది. దాని సారాంశం ఇది: పాలసీ తీసుకున్న మనిషితో సహా ఎవరైనా ఈ బండి నడపొచ్చు, ప్రమాదం జరిగిన సమయానికి వాళ్ళకు చెల్లే లైసెన్స్ ఉండాలి. అంతే. నడిపేవాళ్ళ పేర్ల లిస్టు లేదు. కంపెనీ తన లోపలి లెక్కల్లో యజమాని వయసు చూసుకోవచ్చేమో గానీ, ఇంట్లో ఎవరెవరు నడుపుతారో అడిగి ఒక్కొక్కరికి ఒక రేటు వేసే అమెరికా పద్ధతి ఇక్కడ లేదు. మన భాషలో చెప్పాలంటే మోడల్‌కి ఇచ్చిన ఫీచర్లలో డ్రైవర్ వయసు లేదు. గోల్డ్ మెడలిస్టుకీ ఆరు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాడికీ ఒకే ప్రీమియం.

మరి దేన్ని బట్టి వేస్తారు? మా బిల్లు ఇట్లా ఉంది. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి, 8,000 రూపాయలు. అందులో నో క్లెయిమ్ బోనస్ 35 శాతం, అంటే 2,800 తీసేస్తే 5,200. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల వేరేవాళ్ళకు జరిగే నష్టానికి, 3,416. యజమాని ప్రమాద బీమా 750. మొత్తం 9,366, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 11,052.

ఇందులో థర్డ్ పార్టీ గురించి ఏ ఏజెంటుతో బేరం ఆడినా లాభం లేదు. అది ప్రభుత్వం నిర్ణయించిన రేటు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీ దాటని కారుకి 2,094, వెయ్యి నుంచి 1,500 వరకు 3,416, ఆపైన 7,897. బైకుల్లో 75 నుంచి 150 సీసీ వాటికి 714, 150 నుంచి 350 వాటికి 1,366. అంటే 998 సీసీ బండికీ 1,197 సీసీ బండికీ ఏటా 1,322 రూపాయల తేడా, జీఎస్టీ కాక. మొదటి కారు కొనేవాళ్ళు మైలేజీ గురించి గంటలు గంటలు వాదిస్తారు గానీ ఈ సంగతి ఎవరూ అడగరు.

ఓన్ డ్యామేజ్ రేటు మాత్రం 2007 జనవరి 1 నుంచి కంపెనీల ఇష్టం. కాబట్టి నాలుగు చోట్ల అడగడం వల్ల తగ్గేది ఈ ముక్కే. దానికి ఆధారం ఐడీవీ, అంటే ఈ రోజు మన బండికి పాలసీలో కట్టిన విలువ. పాత టారిఫ్‌లో ఊరు కూడా ఒక లెక్క: హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది పెద్ద నగరాలు ఒక జోన్, మిగతా దేశం ఇంకో జోన్. బండి రిజిస్ట్రేషన్ ఏ జోన్‌లో ఉంటే ఆ రేటు. ఆ లెక్కన పెద్దపల్లి జిల్లా నంబరు ఉన్న మా బండి చవక జోన్‌ది. ఈ నియమాలన్నీ పెట్టే ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఉన్నది మాత్రం ఖరీదైన జోన్‌లో, మన హైదరాబాద్‌లోనే.

ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గిందని చూపించే కోట్‌లు కొన్ని వచ్చాయి. బండి పోయినా, పూర్తిగా పాడైనా చేతికొచ్చేది ఆ ఐడీవీ ప్రకారమే కాబట్టి అది తగ్గింపు కాదు, తక్కువ సరుకుకు తక్కువ ధర. వాటిని పక్కన పెట్టాను.

ఇక బంపర్. వర్క్‌షాప్‌లో మొత్తం 6,500 అన్నారు: బంపర్ 3,000, పెయింటూ లేబరూ 3,500. "ఇన్సూరెన్స్ ఉన్నది గదా, క్లెయిమ్ చేద్దాం" అన్నాడు బాపు. ఎవరైనా అదే అంటారు. డబ్బు కట్టింది అందుకే కదా.

కానీ క్లెయిమ్ చేస్తే మొత్తం రాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం తరుగుదల కింద కోస్తారు, జీరో డెప్రిసియేషన్ యాడ్ ఆన్ ఉంటే తప్ప. మాకు లేదు. అంటే బంపర్‌లో 1,500 మనదే. 1,500 సీసీ దాటని కార్లకు ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి కూడా మనమే పెట్టుకోవాలి. పెయింట్‌లో కూడా కొంత కోత ఉంటుంది, దాన్ని వదిలేసినా చేతికి వచ్చేది నాలుగు వేలు.

పోయేది ఎంత? నో క్లెయిమ్ బోనస్ క్లెయిమ్ లేని ఒక్కో ఏడాదికి 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతూ పోయి 50 దగ్గర ఆగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నా నుంచి. పాములు-నిచ్చెనలు ఆటలో పెద్ద పాము లాగా. నేను పైథాన్‌లో పది లైన్లు రాసి రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూశాను. క్లెయిమ్ చేయకపోతే మాకు వచ్చే ఐదేళ్ళు 35, 45, 50, 50, 50. చేస్తే 0, 20, 25, 35, 45. ప్రతి ఏడాది తేడా కలిపితే 105 శాతం. ఓన్ డ్యామేజ్ 8,000 అలాగే ఉంటుందనుకుంటే 8,400 రూపాయలు, జీఎస్టీతో 9,912. నిజానికి బండి పాతబడేకొద్దీ ఐడీవీ తగ్గుతుంది కాబట్టి ఇంత ఉండదు, కొంచెం తక్కువే అవుతుంది. అయినా నాలుగు వేల కోసం దాన్ని వదులుకోవడం దండగ. ఎంత నష్టం దాటితే క్లెయిమ్ చేయాలి అన్న నంబరు ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి, అదీ బండి తగలకముందే. మాది పదిహేను వేలు అనుకున్నాం.

కొత్త డ్రైవర్ ఉన్న ఇంట్లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. ఎందుకంటే మేం చేసేవన్నీ చిన్న చిన్న గీతలే: గేటు పిల్లరు, కూరగాయల బండి, అపార్ట్‌మెంట్ సెల్లారు గోడ. మా వయసు వల్ల ప్రీమియం నేరుగా పెరగదు, మేం పెట్టే గీతలకు చేసే క్లెయిముల వల్ల పెరుగుతుంది.

ఈ బోనస్ పోవడానికి ఇంకో రెండు దారులున్నాయి. పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే పోతుంది. హాస్టల్లో ఉండే నేను చేస్తాననీ, షిఫ్టులో ఉండే బాపు చేస్తాడనీ ఇద్దరం అనుకుంటే అట్లాగే పోతుంది. రెండోది, బండి పేరు మార్చడం. దీని దగ్గర మా ఇంట్లో కొంచెం గొడవయింది.

బాపు ఇంకో రెండేళ్ళలో రిటైర్ అవుతాడు. "ఎట్లయినా నీదే గదా, ఇప్పుడే నీ పేరు మీద చేపిస్త" అన్నాడు. చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది. కానీ బోనస్ బండిది కాదు, మనిషిది. బాపు పేరు మీద పెరిగిన 35 శాతం నా పేరుకి మారిన బండితో పాటు రాదు. ఈ ఒక్క ఏడాదికే జీఎస్టీతో 3,304 రూపాయలు ఎక్కువ కట్టాలి. ఇదే నియమం వల్ల ఒక మంచి కూడా ఉంది. బాపు రేపు ఈ కారు అమ్మి ఇంకోటి కొంటే, సర్టిఫికెట్ తీసుకుని ఆ బోనస్‌ను మూడేళ్ళ లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. మేం ఈ కారు కొన్నప్పుడు పాత ఓనర్ బోనస్ మాకు రాకపోవడానికి కారణం కూడా అదే. అప్పట్లో ఏజెంట్ మోసం చేశాడనుకున్నాం, పాపం ఆయన తప్పేం లేదు.

పేరు మారిస్తే ఇంకోటి కూడా మారుతుంది. బిల్లులో ఆ 750 రూపాయల లైను ఉంది చూశారా, అది యజమాని-డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా. 2018 దాకా కారుకు రెండు లక్షలే ఉండేది. అది వర్తించేది ఆర్‌సీ మీద పేరున్న మనిషికి, ఆ మనిషికి లైసెన్స్ ఉంటేనే. రోజూ రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీలు, బూడిద ట్యాంకర్ల మధ్య షిఫ్టుకు పోయి వచ్చేది బాపు. సెలవులకు వచ్చి నాలుగు రోజులు నడిపేది నేను. పేరు మారిస్తే ఆ 15 లక్షలు ఆయన మీద నుంచి నా మీదికి వస్తాయి. అమ్మకి ఈ మాట చెప్పగానే "ఏం అవసరం లేదు, మీ బాపు పేరు మీదనే ఉండనీ" అని తేల్చేసింది.

అయితే బాపు కారు నేను నడుపుతుండగా నాకేమన్నా అయితే? ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. థర్డ్ పార్టీ అంటే బయటివాళ్ళు. 2009లో సుప్రీం కోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకతను వేరేవాళ్ళ మోటార్ సైకిల్ అడిగి తీసుకుని పోతూ ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయాడు. బండి అరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, అతను థర్డ్ పార్టీ కాడు అని కోర్టు చెప్పింది. అంటే సొంత తప్పు వల్ల ప్రమాదం జరిగితే, నాన్న కారు నడిపే కొడుకుకి ఆ పాలసీలో చెప్పుకోదగ్గ రక్షణ లేనట్టే. అందుకే నాకు వేరేగా తీసుకోవాలి. అందరికన్నా చవకైనది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన: 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు బ్యాంకు ఖాతా ద్వారా, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. క్యాంటీన్‌లో ఒక సమోసా ప్లేటు ఖర్చు. అది చాలదనుకునేవాళ్ళు విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవి వేలల్లో ఉన్న లెక్కలు. అసలు లెక్క మా తమ్ముడి దగ్గర వచ్చింది.

వాడు ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడు దాటాయి. కారు నాకన్నా బాగా నడుపుతాడు, ఒప్పుకోవాలి. గోదావరిఖనిలో కోచింగ్‌కి ఆదివారం పూట కారు తీసుకుపోతానని నెల రోజుల నుంచి పోరు. బాపు సగం మెత్తబడ్డాడు కూడా. "ఇన్సూరెన్స్ ఉన్నది గదా, ఏం గాదు" అన్నాడు. కార్లో వాడు కూర్చోగానే ఆ ఇన్సూరెన్స్ ఎట్లా మారిపోతుందో చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

చట్టం ప్రకారం కారు లైసెన్స్‌కి 18 నిండాలి. పదహారేళ్ళకి ఇచ్చేది 50 సీసీ లోపు మోటార్ సైకిల్‌కి మాత్రమే. తమ్ముడు నడుపుతూ ఎవరినైనా గుద్దాడనుకుందాం. మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్ పరిహారం ఎట్లా కడుతుందో సుప్రీం కోర్టు 2009, 2017 తీర్పుల్లో ఒక పద్ధతి ఖరారు చేసింది. మా ప్రాంతానికే అన్వయించి చూడండి. ఎదురుగా బైక్ మీద వస్తున్నది 35 ఏళ్ళ సింగరేణి పర్మనెంట్ ఉద్యోగి, నెలకి 50,000 జీతం. ఇంట్లో నలుగురు ఆధారపడినవాళ్ళు. ఏడాదికి ఆరు లక్షలు. నలభై లోపు పర్మనెంట్ ఉద్యోగి కాబట్టి భవిష్యత్తులో పెరిగే జీతం కింద సగం కలపాలి: తొమ్మిది లక్షలు. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే ఆరు లక్షల డెబ్బై ఐదు వేలు. ఆ వయసుకి గుణకం 16. మొత్తం ఒక కోటి ఎనిమిది లక్షలు. అందులో ఆదాయపు పన్ను కొంత తీసేస్తారు, ఇతర పద్దుల కింద కొంత కలుపుతారు, అది వేరే.

లైసెన్స్ ఉన్న నేను నడుపుతుంటే ఆ కోటి రూపాయలు కంపెనీ కడుతుంది. ప్రాణనష్టానికి థర్డ్ పార్టీలో పరిమితి లేదు. 3,416 రూపాయలకు దొరికేది అది. తమ్ముడు నడుపుతుంటే? 2004లో సుప్రీం కోర్టు చెప్పినదాన్ని బట్టి, నష్టపోయిన కుటుంబానికి ముందు కంపెనీ చేతే కట్టించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెప్పొచ్చు. యజమాని అంటే బాపు. రిటైర్మెంట్ డబ్బు, ఇల్లు అన్నీ కలిపినా చాలవు.

"నాకు తెల్వకుండ తీస్కపోయిండంటే?" అన్నాడు బాపు. ఆ ప్రశ్న కూడా కోర్టు దాకా పోయింది. ఒక మైనర్, యజమాని ఇంట్లో నుంచి బైకు తాళం ఆయనకు తెలియకుండానే తీసుకుపోయిన కేసులో కూడా, వసూలు యజమాని నుంచే అని 2011లో సుప్రీం కోర్టు తేల్చింది. మా ఇంట్లో కారు తాళం టీవీ పక్కన గిన్నెలో ఉంటుంది. ఈ మాట చెప్తున్నప్పుడు ముగ్గురం ఆ గిన్నె వైపే చూశాం.

ఇది కాక 2019లో చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ఉంది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. తమ్ముడికి జైలు మాట పెద్దగా ఎక్కలేదు గానీ, ఇరవై ఐదేళ్ళ దాకా లైసెన్స్ లేదు అనేసరికి ముఖం మారిపోయింది.

పద్దెనిమిది నిండగానే లెర్నర్స్ తీసుకుంటే నేర్చుకునే రోజుల్లో పాలసీ వర్తిస్తుంది. కాకపోతే నియమాలు పాటించాలి: బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు, పక్క సీట్లో లైసెన్స్ ఉండి నేర్పించే మనిషి. నేను పాత ఎయిర్‌స్ట్రిప్ వైపు రోడ్డు మీద బాపు పక్కన కూర్చుంటే అట్లాగే నేర్చుకున్నాను. లెర్నర్స్ మీద ఒక్కడే ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని తిరిగితే మళ్ళీ కథ మొదటికి వస్తుంది.

మన కాలేజీలో జరిగేది ఒకటి చెప్పాలి. ఇంటి కారు తెచ్చి, ట్రిప్‌కి పోయే ఫ్రెండ్స్‌కి రోజుకింత అని కిరాయికిస్తున్నారు. ప్రైవేటు కారు పాలసీ కిరాయికి చెల్లదు. పెట్రోల్ డబ్బులు పంచుకోవడం వేరు, అద్దె తీసుకోవడం వేరు. అలాగే బయట నుంచి సీఎన్‌జీ కిట్ వేయిస్తే కంపెనీకి చెప్పి పాలసీలో రాయించుకోవాలి. వాట్సాప్‌లో సగం ధరకే పాలసీ పంపిస్తానన్నవాడిని నమ్మేముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో తెలుస్తుంది.

చివరికి మా బిల్లు ఎంత తగ్గిందంటారా? మా బండి ఏడాదికి తక్కువే తిరుగుతుంది. బాపు సగం రోజులు తోటి కార్మికుడి బైకు మీద పోతాడు. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ అనుమతించిన 'పే యాజ్ యు డ్రైవ్' యాడ్ ఆన్ కింద, తిరిగే కిలోమీటర్లు ముందే చెప్పి ఓన్ డ్యామేజ్‌లో కొంత తగ్గించుకోవచ్చు. అది ఇచ్చే కంపెనీ ఒకటి చూసి, ఐడీవీ తగ్గించకుండానే, బోనస్ అట్లాగే ఉంచుకుని, అన్నీ కలిపి 10,200కి చేశాను. ఎనిమిది వందల యాభై రూపాయలు మిగిలాయి. నాలుగు రోజుల పనికి ఇదేం కూలీ అని అమ్మ నవ్వింది.

తాళం ఇప్పుడు గిన్నెలో లేదు, బీరువాలో ఉంది. తమ్ముడికి మార్చిలో పద్దెనిమిది నిండుతాయి, లెర్నర్స్ స్లాట్ గురించి ఇప్పటి నుంచే అడుగుతున్నాడు. బంపర్ ఇంకా చేయించలేదు. కాలేజీకి వచ్చే ముందు రోజు "ఎప్పుడు చేపిద్దాం బాపూ?" అని అడిగితే, ఆ గీత మీద వేలు పెట్టి రుద్ది చూసి, "గాడు నేర్చుకునేది కూడా ఉన్నది గదా, ఆగు" అన్నాడు.